187 గెలుపుల కోచ్, 13 మ్యాచ్‌ల ఉద్యోగం: అర్బన్ మయ్యర్ కేసు

2021 డిసెంబర్ 16న, ఇంకా తెల్లవారకముందే, జాక్సన్‌విల్ జాగ్వార్స్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు తన హెడ్ కోచ్ అర్బన్ మయ్యర్‌ను తీసేసింది. అప్పటికి ఆయన ఆ జట్టుతో ఆడించింది 13 మ్యాచ్‌లు. రెండు గెలిచి 11 ఓడాడు. సీజన్ కూడా పూర్తి కాలేదు.

అదే మనిషి అంతకుముందు కాలేజీ ఫుట్‌బాల్‌లో 17 సీజన్లు హెడ్ కోచ్‌గా ఉండి 187 మ్యాచ్‌లు గెలిచి 32 మాత్రమే ఓడాడు. మూడుసార్లు జాతీయ చాంపియన్: ఫ్లోరిడాతో 2006, 2008 సీజన్లలో, ఒహాయో స్టేట్‌తో 2014లో. (ఇది అమెరికన్ ఫుట్‌బాల్. హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతితో ఆడేది.)

నా పని కొత్త పదవిలోకి వెళ్లినవాళ్లతో. ఒకచోట బాగా గెలిచి, ఇంకోచోట కుర్చీలో కూర్చున్న కొద్ది నెలల్లోనే తడబడే మేనేజర్లు, డైరెక్టర్లు నా దగ్గరికి వస్తారు. నేను వాళ్లతో చర్చించే కేసుల్లో దీనికి మించింది నాకు దొరకలేదు. ఇందులో జరిగిందంతా బహిరంగంగా జరిగింది, తేదీలతో సహా నమోదైంది. పైగా ఈ మనిషికి తెలివి తక్కువనో, కష్టపడలేదనో ఎవరూ అనలేరు.

ఈ కేసు గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఒకే మాటతో తేల్చేస్తారు: అతని ప్రవర్తన బాగాలేదు, అందుకే పోయాడు. ప్రవర్తన బాగాలేదన్నది నిజమే, నేను దాన్ని వెనకేసుకురాను. కానీ ఆ జవాబు దగ్గర ఆగిపోతే మనం నేర్చుకునేదేమీ ఉండదు. అదే కోపం, అదే పట్టుదల, అదే మనిషి కాలేజీలో 187 గెలిచాడు. జాక్సన్‌విల్‌కి వచ్చేసరికి మారింది అతను కాదు, అతని చుట్టూ ఉన్న ఏర్పాటు. అది మారిందని అతనికి ముందుగా ఎవరూ గట్టిగా చెప్పలేదన్నది నా అభిప్రాయం.

కాలేజీలో అతని బలం ఎక్కడిది

కాలేజీ కోచ్ తన జట్టును తానే ఏరుకుంటాడు. పదిహేడేళ్ల కుర్రాడి ఇంటికి వెళ్లి, వాళ్ల అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడి, మా యూనివర్సిటీకి పంపండని అడుగుతాడు. దీన్నే రిక్రూటింగ్ అంటారు. ఇందులో మయ్యర్‌కు సాటి వచ్చినవాళ్లు దేశంలో చాలా కొద్దిమంది. ఆ రోజుల్లో ఒక్కో జట్టు 85 మందికి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. ఒహాయో స్టేట్ లాంటి పేరున్న చోట ఆ 85 మందీ దేశంలోకెల్లా మేటి కుర్రాళ్లలోంచి వస్తారు. అలాంటి జట్టు సీజన్‌లో ఆడే మ్యాచ్‌ల్లో సగానికి పైగా, మైదానంలోకి దిగకముందే తనకంటే బలహీనమైన జట్లతోనే ఉంటాయి. కోచింగ్ గొప్పది కాదని నేననడం లేదు. 2000లో 2-9తో (రెండు గెలుపులు, తొమ్మిది ఓటములు) ఉన్న బౌలింగ్ గ్రీన్ యూనివర్సిటీ జట్టును మరుసటి ఏడాదే 8-3కి తెచ్చినవాడు మయ్యర్. ఆయన పనితనం నిజమైనదే. కానీ ఫ్లోరిడా, ఒహాయో స్టేట్ రోజులకు వచ్చేసరికి ఆ పనితనం కింద చాలా పెద్ద అండ ఉంది.

ఇంకో సంగతి నాకు ఇంతకంటే ముఖ్యంగా కనిపిస్తుంది. మయ్యర్ కాలేజీలో కోచ్‌గా ఉన్నన్నాళ్లూ, పెద్ద డివిజన్‌లో ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి మారిన ఆటగాడు మామూలుగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. కోచ్ తిట్టినా, బెంచి మీద కూర్చోబెట్టినా కుర్రాడికి వెళ్లే దారి ఇరుకు. ప్రొఫెషనల్ లీగ్‌కు వెళ్లాలన్న కల కూడా ఆ కోచ్ ఇచ్చే అవకాశం మీదే ఆధారపడి ఉంటుంది. ఒహాయో స్టేట్‌లో కొత్తగా చేరినవాడి హెల్మెట్‌పై ఒక నల్ల పట్టీ అంటించేవారు. తనేంటో నిరూపించుకున్నాక అందరి ముందూ దాన్ని తీసేసేవారు. పద్దెనిమిదేళ్ల వయసులో అది గొప్ప గౌరవం. అక్కడ భయం, ఆశ రెండూ కోచ్ చేతిలోనే ఉంటాయి. వాటితో అతను నిజంగానే మంచి జట్లను కట్టాడు.

ఎన్ఎఫ్ఎల్‌లో చేతుల్లోంచి జారిపోయినవి

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ నియమాలన్నీ దీనికి ఎదురుగా ఉంటాయి. ఐపీఎల్ వేలంలో అన్ని ఫ్రాంచైజీలకూ ఒకే పర్సు ఉన్నట్టు, ఎన్ఎఫ్ఎల్‌లో అన్ని జట్ల జీతాలకూ ఒకటే పరిమితి. 2021లో అది 18 కోట్ల 25 లక్షల డాలర్లు. జట్టులో 53 మంది. కాలేజీ నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను డ్రాఫ్ట్‌లో పంచుకుంటారు, అందులో ముందు ఏడాది అట్టడుగున ఉన్న జట్టుకే మొదటి అవకాశం. ఏ జట్టూ ఎక్కువ కాలం పైన ఉండకూడదు, ఏ జట్టూ ఎక్కువ కాలం కింద ఉండకూడదు అన్న ఉద్దేశంతో కట్టిన లీగ్ అది.

దాని ఫలితం అంకెల్లో చూడండి. ఒహాయో స్టేట్‌లో మయ్యర్ ఏడు సీజన్లలో తొమ్మిది మ్యాచ్‌లు ఓడాడు. జాగ్వార్స్‌లో తొమ్మిదో ఓటమి నవంబర్ 28న వచ్చింది, సీజన్ మొదలై మూడు నెలలు నిండకముందే. అదే సీజన్‌లో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన రామ్స్ జట్టు కూడా 17 లీగ్ మ్యాచ్‌ల్లో ఐదు ఓడింది. అంటే ఆ లీగ్‌లో అందరికంటే బాగా పనిచేసినవాడు కూడా ఒకే సీజన్‌లో ఐదుసార్లు తలదించుకుని ఇంటికి వెళ్తాడు. మయ్యర్ చేరిన జట్టేమో ముందు ఏడాది 1-15తో అడుగున ఉంది.

ఆటగాళ్లు కూడా వేరు. వీళ్లు పెళ్లాం పిల్లలున్న మనుషులు. వాళ్లకు కాంట్రాక్ట్ ఉంటుంది, ఏజెంట్ ఉంటాడు, యూనియన్ ఉంటుంది. కోచ్‌లు వస్తుంటారు, పోతుంటారు అని వాళ్లు కళ్లారా చూసి ఉంటారు. ఆటగాడిగా గానీ కోచ్‌గా గానీ మయ్యర్ ఈ లీగ్‌లో ఒక్కరోజు కూడా పనిచేసి ఎరుగడు.

మొదటి మ్యాచ్‌కు ముందే

జనవరి 14న యజమాని షాద్ ఖాన్ ఆయన్ను తీసుకున్నాడు. జనరల్ మేనేజర్‌గా ట్రెంట్ బాల్కీని ఖాయం చేసింది ఆ తర్వాత. ముందు కోచ్, తర్వాత మేనేజర్. ఈ వరస నాకు నచ్చదు. కొత్తగా వచ్చినవాడికి వద్దని చెప్పగలిగిన స్థాయి మనిషి అతనికంటే ముందే ఉండాలి.

ఫిబ్రవరిలో క్రిస్ డోయిల్‌ను స్టాఫ్‌లోకి తీసుకున్నారు. ఆయన అయోవా యూనివర్సిటీలో ఫిట్‌నెస్ కోచ్‌గా ఉండి, నల్లజాతి ఆటగాళ్లను కించపరిచాడన్న ఆరోపణలతో 2020లో అక్కణ్నుంచి వెళ్లిపోయినవాడు. విమర్శలు రావడంతో ప్రకటన వచ్చిన మర్నాడే రాజీనామా చేశాడు. కాలేజీలో హెడ్ కోచ్ మాటంటే మాటే, తన స్టాఫ్‌లో ఎవరుండాలో తనే తేలుస్తాడు. ఎక్కువమంది నల్లజాతి ఆటగాళ్లే ఉన్న లీగ్‌లో ఈ నియామకం లాకర్ రూమ్‌కు ఎలా వినిపిస్తుందో ఆలోచించే అలవాటు ఆ పదవి నేర్పలేదు.

వేసవి ప్రాక్టీసుల్లో ఆటగాళ్లు ఒకరినొకరు గుద్దుకోకూడదని యూనియన్‌తో లీగ్ చేసుకున్న ఒప్పందంలో ఉంది. దాన్ని మీరినందుకు జట్టుకు 2 లక్షల డాలర్లు, మయ్యర్‌కు లక్ష డాలర్లు జరిమానా పడింది. మేలో తన పాత ఫ్లోరిడా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించే ఆటగాడు) టిమ్ టీబోను, అతనెప్పుడూ ఆడని స్థానంలో తీసుకున్నాడు. ఆగస్టులో వదిలేశాడు.

వీటిలో ఏదీ ఒక్కటే కొంప ముంచేది కాదు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ట్రెవర్ లారెన్స్ సంగతి. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైన క్వార్టర్‌బ్యాక్ అతను, జట్టు భవిష్యత్తంతా అతని మీదే. అయినా ట్రైనింగ్ క్యాంపులో మొదటి జట్టుతో ప్రాక్టీసును అతనికీ ఇంకో క్వార్టర్‌బ్యాక్ గార్డనర్ మిన్షూకీ చెరి కొంత పంచారు. మొదటి జట్టులో లారెన్సే ఆడతాడని ఆగస్టు 25న ప్రకటించి, మూడు రోజులకే మిన్షూను వేరే జట్టుకు ఇచ్చేశారు. స్థానం ఊరికే రాదు, పోటీపడి గెలుచుకోవాలి అన్నది కాలేజీలో మయ్యర్ పాటించిన మంచి సూత్రం. అక్కడ కుర్రాడికి నాలుగేళ్లుంటాయి. ఇక్కడ సీజన్ మొదలవడానికి ఉన్నదే కొన్ని వారాలు, కొత్త కుర్రాడికి ప్రతి ప్రాక్టీసూ కావాలి. సూత్రం మంచిదే, ఆ చోటికి సరిపోలేదు.

సిన్సినాటి రాత్రి

సెప్టెంబర్ 30, గురువారం. నాలుగో మ్యాచ్. సగం ఆట అయ్యేసరికి జాగ్వార్స్ 14-0తో ముందున్నారు. విరామానికి ముందు గోల్ లైన్ పక్కనే నాలుగో ప్రయత్నం మిగిలింది. సులువైన మూడు పాయింట్ల కిక్ వదిలేసి టచ్‌డౌన్‌కే (బంతిని గీత దాటించి ఆరు పాయింట్లు తెచ్చుకోవడానికే) వెళ్లారు, లారెన్స్‌ను ఆపేశారు. మ్యాచ్ 24-21తో పోయింది, సరిగ్గా మూడు పాయింట్ల తేడాతో. ఆ నిర్ణయం తప్పని నేననను, చాలామంది కోచ్‌లు అలాగే ఆడతారు. బలగం ఎక్కువున్న కాలేజీ జట్టుకు ఆ మూడు పాయింట్లు గుర్తు కూడా ఉండవు. ఎన్ఎఫ్ఎల్‌లో సీజన్లు ఇలాంటి తేడాల మీదే నిలుస్తాయి, కూలుతాయి.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. జట్టు విమానంలో జాక్సన్‌విల్ వెళ్లింది. హెడ్ కోచ్ వెళ్లలేదు, ఒహాయోలో ఉండిపోయాడు. మనవలను చూడటానికి ఉన్నానని తర్వాత చెప్పాడు. ఆ వారాంతంలో ఒక బార్‌లో తీసిన వీడియో బయటికొచ్చి అతని పరువు తీసింది. సోమవారం క్షమాపణ చెప్పాడు. మంగళవారం యజమాని తన ప్రకటనలో ఇది క్షమించరానిదని, నమ్మకాన్నీ గౌరవాన్నీ మళ్లీ సంపాదించుకోవాలని అన్నాడు.

అందరూ వీడియో గురించి మాట్లాడారు. నా దృష్టిలో అసలు ఘటన విమానం. వరసగా నాలుగు ఓడిన జట్టు, గెలవాల్సిన మ్యాచ్ చేజార్చుకుని, రాత్రివేళ తిరిగి వెళ్తోంది. ఆ గంటల్లో కోచ్ ఏమీ మాట్లాడనక్కర్లేదు, వాళ్ల మధ్య కూర్చుంటే చాలు. అతను లేడు. మ్యాచ్ ఓడిన కోచ్‌ను ఆటగాళ్లు క్షమిస్తారు. ఓడిన రాత్రి పక్కన లేనివాడి మాట ఆ తర్వాత ఎవరూ చెవిన పెట్టరు.

2009 చెప్పిన కబురు

కేసు రాసేటప్పుడు నేను వెనక్కి వెళ్లి చూసే చోటు ఇది. 2009లో ఫ్లోరిడా వరసగా 22 మ్యాచ్‌లు గెలిచి, డిసెంబర్ 5న కాన్ఫరెన్స్ ఫైనల్లో అలబామా చేతిలో 32-13తో ఓడింది. కొద్ది గంటల్లోనే మయ్యర్ ఛాతీ నొప్పితో ఆసుపత్రిలో చేరాడు. అదే నెలలో రాజీనామా ప్రకటించి, మర్నాడే మనసు మార్చుకున్నాడు. మరుసటి సీజన్ చివర నిజంగానే తప్పుకున్నాడు. 2018 సీజన్ తర్వాత ఒహాయో స్టేట్ వదిలినప్పుడు కూడా ఆరోగ్యం ఒక కారణం.

ఏడాదికి ఒక్కటి ఓడితేనే తట్టుకోలేని శరీరం ఇది. అలాంటి మనిషిని ఏడాదికి పది ఓడటం ఖాయమైన జట్టుకు కోచ్‌ను చేశారు. దీన్ని నేను అతని బలహీనతగా రాయడం లేదు. ఓటమిని అంత లోపలికి తీసుకోవడమే అతన్ని ఒక రకంగా గొప్పవాణ్ని చేసింది కూడా. కానీ ఉద్యోగం ఇచ్చేవాళ్ల ముందు ఈ చరిత్రంతా ఉంది. ఎన్ని గెలిచాడో లెక్కపెట్టారు. ఓడినప్పుడు ఏమవుతాడన్నది కూడా అంతే శ్రద్ధగా చూడాల్సింది.

ఒహాయో స్టేట్‌లో అతను ఆటగాళ్లకు ఒక పాఠం చెప్పేవాడు: జరిగేది మన చేతిలో లేదు, దానికి మనం ఎలా స్పందిస్తామన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. చాలా మంచి పాఠం. అయితే అది అరుదుగా ఓడే చోట నేర్పిన పాఠం. ప్రతి ఆదివారం ఓటమి వచ్చే చోట, ఆ స్పందన నిలబడటానికి విశ్రాంతి కావాలి, తోడు కావాలి, ఇది ఈ లీగ్‌లో మామూలేనని చెప్పే అనుభవజ్ఞుడు కావాలి.

స్టాఫ్‌ను దూరం చేసుకోవడం

అనుభవజ్ఞులు అతని పక్కనే ఉన్నారు. ఇదే నాకు ఎక్కువ బాధ కలిగించేది. డారెల్ బెవెల్, బ్రయాన్ షాటెన్‌హైమర్, జో కల్లెన్ లాంటి, ఎన్ఎఫ్ఎల్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లను స్టాఫ్‌లోకి తెచ్చుకున్నది అతనే. అది సరైన నిర్ణయం. అక్టోబర్ 17న లండన్‌లో డాల్ఫిన్స్‌ను 23-20తో ఓడించి, ముందు ఏడాది నుంచి సాగుతున్న 20 ఓటముల వరసను తెంచారు. నవంబర్ 7న బఫెలో బిల్స్‌ను 9-6తో ఓడించారు. అంటే దారి పూర్తిగా మూసుకుపోలేదు.

డిసెంబర్ రెండో వారంలో లీగ్ వెబ్‌సైట్ ఒక కథనం ప్రచురించింది. తాను విజేతనని, అసిస్టెంట్లు ఓడేవాళ్లని మయ్యర్ ఒక మీటింగ్‌లో అన్నాడని, ఎక్కడ ఏం గెలిచారో చెప్పమని ఒక్కొక్కరినీ నిలదీశాడని అందులో రాశారు. అతను కాదన్నాడు. వార్త లీక్ చేసినవాడు ఎవరో తెలిస్తే క్షణాల్లో ఉద్యోగం పోతుందని కూడా అన్నాడు. మీటింగ్‌లో నిజంగా ఏమన్నాడన్నది పక్కన పెట్టినా, ఈ రెండో మాట అందరి ముందూ అన్నదే. చేతిలో మిగిలిన సాధనం భయం ఒక్కటే అన్నట్టుంది ఆ మాట. కాలేజీలో ఆ భయం వెనక ఆశ కూడా ఉండేది. ఇక్కడ ఆశ చూపించడానికి అతని దగ్గర ఏమీ లేదు.

అదే రోజుల్లో రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) జేమ్స్ రాబిన్సన్‌ను బంతి జారవిడిచినందుకు ఎక్కువసేపు బయట కూర్చోబెట్టారు. అతను మైదానంలో ఉండాల్సిందేనని లారెన్స్ విలేకరుల ముందు చెప్పాడు. ఇరవై రెండేళ్ల కొత్త కుర్రాడు హెడ్ కోచ్‌ను బహిరంగంగా సరిదిద్దాల్సి వచ్చిందంటే పెత్తనం అప్పటికే చేతులు మారిపోయింది. డిసెంబర్ 12న టెనెసీ చేతిలో 20-0. పదిహేనున పాత కిక్కర్ జాష్ లాంబో, ఆగస్టులో మయ్యర్ తనను కాలితో తన్నాడని ఒక పత్రికకు చెప్పాడు. అతను చెప్పినట్టు జరగలేదని మయ్యర్ అన్నాడు. ఆ రాత్రి దాటకుండానే ఉద్యోగం పోయింది.

తర్వాతి ఏడాది డగ్ పీడర్సన్ వచ్చాడు. ఒకప్పుడు ఎన్ఎఫ్ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్, కోచ్‌గా ఫిలడెల్ఫియాకు సూపర్ బౌల్ గెలిపించినవాడు. అదే లారెన్స్, 2021లో 12 టచ్‌డౌన్ పాసులు, 17 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాసులు). 2022లో 25, 8. జట్టు 9-8తో తన డివిజన్‌లో (నాలుగు జట్ల గుంపులో) మొదటి స్థానం గెలిచింది, ప్లేఆఫ్‌లో 27-0 వెనకబడి కూడా చార్జర్స్‌ను 31-30తో ఓడించింది. కొత్త ఆటగాళ్లు కూడా వచ్చారు కాబట్టి మార్పంతా కోచ్‌దే అనను. కానీ ఆ కుర్రాడిలో ఆ ఆట ముందునుంచీ ఉంది.

ఇదే దారిలో నడిచినవాళ్లు

మయ్యర్ ఒక్కడే కాదు. ఫ్లోరిడాలో 1996 జాతీయ టైటిల్ గెలిచిన స్టీవ్ స్పరియర్ వాషింగ్టన్‌లో రెండు సీజన్లలో 12-20. ఇంకో కాలేజీ కోచ్ నిక్ సేబన్ ఎన్ఎఫ్ఎల్ జట్టు మయామీలో 15-17, తర్వాత కాలేజీకి తిరిగి వెళ్లి అలబామాతో ఆరు జాతీయ టైటిళ్లు. సేబన్ గురించి నాకున్న గౌరవానికి ఒక కారణం, తనకు ఏ చోటు సరిపోతుందో రెండేళ్లలో తేల్చుకున్నాడు.

జిమ్మీ జాన్సన్ మాత్రం వేరు. మయామీ యూనివర్సిటీలో 1987 టైటిల్ గెలిచి, ఎన్ఎఫ్ఎల్ అనుభవం లేకుండానే 1989లో డాలస్ వచ్చాడు. మొదటి ఏడాది 1-15, మయ్యర్ కంటే ఘోరం. కానీ అక్టోబర్‌లోనే తన అతిపెద్ద స్టార్ హర్షల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చేసి, బదులుగా ఆటగాళ్లనూ డ్రాఫ్ట్ అవకాశాలనూ కుప్పగా తెచ్చుకున్నాడు. 1992, 1993 సీజన్లలో వరసగా సూపర్ బౌల్ గెలిచాడు. ఓడుతున్న ఏడాదిని కట్టుకునే ఏడాదిగా వాడుకోగలిగాడు. ఆటగాళ్లను ఎంచుకునే పట్టు చేతిలో ఉంది, యజమాని కూడా కొత్తవాడే, ఓపిక పట్టాడు.

2021 జనవరిలో నన్ను పిలిచి ఉంటే

మొదట మయ్యర్‌తో ఒక కాగితం రాయించేవాణ్ని. నీ 187 గెలుపుల్లో రిక్రూటింగ్ వల్ల వచ్చినవెన్ని, స్కాలర్‌షిప్ మీద నీకున్న పట్టు వల్ల వచ్చినవేమిటి, నువ్వు ఎక్కడికెళ్లినా నీతో వచ్చేవేమిటి? నా దగ్గరికి వచ్చే మేనేజర్లకు కూడా ఈ కాగితం రాయడమే అన్నిటికంటే కష్టం. పాత సంస్థ పేరు, దాని బడ్జెట్, పక్కనున్న మంచి టీం ఇచ్చినదాన్ని చాలామంది తమ సొంత గుణంగా లెక్కేసుకుంటారు. అది అహంకారం కాదు. ఇరవై ఏళ్లు ఒకే గాలి పీల్చినవాళ్లకు ఆ గాలి కనిపించదు, అంతే.

రెండోది, మొదటి ఏడాదికి గెలుపోటములు కాని కొలత ఒకటి యజమానితో కలిసి ఖాయం చేయించేవాణ్ని. లారెన్స్ సెప్టెంబర్ కంటే డిసెంబర్‌లో మెరుగ్గా ఆడుతున్నాడా అన్నది చాలు. అప్పుడు మూడు మ్యాచ్‌లే గెలిచినా కోచ్‌కు ప్రతి సోమవారం చూసుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, అసిస్టెంట్లను విజేతలు, ఓడేవాళ్లు అని విడదీయాల్సిన అవసరం రాదు.

మూడోది షాద్ ఖాన్‌తో. ఈ మనిషి వరసగా ఐదు ఓడితే ఆ రాత్రి అతనితో మాట్లాడాల్సిన మనిషి ఎవరు? అతని కింద పనిచేసేవాడు, అతనంటే భయపడేవాడు కాకూడదు. ఈ లీగ్‌లో ఓడి తట్టుకున్నవాడు, విమానంలో పక్క సీట్లో కూర్చోగలిగినవాడు అయి ఉండాలి. కోచ్ కాంట్రాక్ట్ మీద సంతకం పడేలోపు ఆ మనిషి పేరు ఖాయమై, అతను ఒప్పుకుని ఉండాలి. ఆ పేరు లేకపోతే మాత్రం, ఈ నియామకాన్ని ఆపమనే యజమానికి చెప్పేవాణ్ని.